బెజ్జం

నెలకోసారి వచ్చేది మునిలక్షుమ్మ,
కల్యాణకట్టలో రాత్రి డ్యూటీ దిగి.
"ఒక చెవే పలకతా ఉందబ్బా, చూడు."

లీలామహల్ సర్కిల్లో నా బంకు.
పిన్నీసు కొనతో ఫోను బెజ్జం గెలికితే
వెంట్రుక తునకలు.
నల్లవి, నెరిసినవి,
ఒకసారి పసిబిడ్డది, పట్టుపోగులాంటిది.
ఎవరి మొక్కో తెలీదు.
ఊదేయబుద్ధి కాక
కాయితంలో మడిచిస్తా ఉంటి.
ఆమె నవ్వేది, పది రూపాయలు పెట్టేది.

నిన్న కొత్త ఫోను తెచ్చింది, వాయిదాల్లో కొన్నిందంట.
అంచు పొడుగునా వేలితో తడిమినాను.
నున్నగా ఉంది.
"దీనికీ గుండు కొట్టేసినారా?" అంది.
"తీగ లేనిది, చెవి జారి నీళ్ళ చెంబులో పడితే?"

నా దగ్గిర జవాబు లేదు.
పాత తీగచుట్ట బల్ల మీదే వదిలేసి పోయింది.
దాని మొనకి ఇంకా
ఒక వెంట్రుక.