కంటి కాటా

చిక్‌పేటలో, ఇద్దరు ఎదురైతే
ఒకరు పక్కకు ఒత్తిగిల్లాల్సిన సందులో
మా మ్యాచింగ్ సెంటర్.
పైకప్పు దాకా జాకెట్టు గుడ్డల తాన్లు.
ఎనిమిది వందల రంగులని సేటు బోర్డు రాయించాడు.
అబద్ధం. ఆరు వందల పన్నెండు.
లెక్కపెట్టలేదు నేను, తెలుసంతే.

చీర తెస్తారు, కొంగు కౌంటరు మీద పరుస్తారు.
"పింక్" అంటారు.
పింకంటే ఏది తల్లీ?
దోరజామ లోపలిదా,
వెలిసిపోతున్న గోరింటదా,
పసిబిడ్డ మడమదా?
నోటితో అడగను.
ఈలోగా కాళ్ళు నిచ్చెనెక్కేస్తాయి,
తాను దిగి కొంగు మీద వాలుతుంది,
ఎక్కడ ఏది ఆగిందో కనపడదు.

పదకొండేళ్ళు.
పని అనుకున్నాను గానీ విద్య అనుకోలేదు.
విద్యంటే జబీనాది,
మూడు మీటర్ల డెబ్భై, తొంభై ఐదు చొప్పున
అర్ధరూపాయితో సహా నోటితోనే చెప్పేస్తుంది.
విద్యంటే చెమట పట్టాలి, తల వాచిపోవాలి,
గోడకు తగిలించుకోను ఒక కాగితమివ్వాలి.
అందుకే రాజాజీనగర్‌లో ట్యాలీ క్లాసుకి పోయాను.
రెండుసార్లు ఫీజు కట్టాను, రెండుసార్లూ తప్పాను.
ఆ కంప్యూటర్లో నాకు గుర్తున్నది ఒక్కటే:
తెర మీది నీలం
మా ఏడో అరలో కింద నుంచి రెండో తాను.

మడకశిర దగ్గర, చిన్నప్పుడు, టమాటా కోతలు.
గంపలు ముందుపెట్టి అమ్మ అనేది
"ఇది మద్రాసు లారీకి, ఇది రేపటి సంతకి,
ఇది ఈ రాత్రి పులుసులోకి. ఏరు."
కాయ వీపు మీద ఎరుపు ఎంతదూరం నడిచిందో చూసి ఏరేదాన్ని.
మేస్త్రి అంజినప్ప నవ్వేవాడు
"ఈ పిల్లవి కండ్లు కాదక్కా, కాటాలు."
"ఆఁ, కూడు పెడతాయా కండ్లు?" అనేది అమ్మ.
అంజినప్ప మాట చేలోనే వదిలేసి
అమ్మ మాట ఒక్కటే మూటగట్టి
బెంగళూరు బస్సెక్కాను.

మొన్న శ్రావణం ముందు డెంగీ.
తొమ్మిది రోజులు మంచం.
తిరిగొచ్చేసరికి కౌంటరు కింద ఒక గోనెసంచి.
విప్పితే, వాపసొచ్చిన ముక్కలు,
కత్తెర పడ్డవి, ఇంకెవరికీ కొరగానివి.
నలభై మూడు.
ఒక్కోటీ చేతిలోకి తీసుకున్నాను.
ఇది, వంగపువ్వు అడిగితే వంగపండు ఇచ్చారు.
ఇది ట్యూబులైటు కింద తలూపి
ఎండలోకి పోగానే ఎదురుతిరిగింది.
ఇది ఉల్లిపొర కాదు,
ఉల్లిపొర తడిస్తే వచ్చేది.
నేల మీదే కూర్చుండిపోయాను
సంచి ఒళ్ళో పెట్టుకుని.

నాకు చెమటైనా పట్టనిది
ఇంకొకరికి ఇంత బరువా?
ఇంటి బావి నీళ్ళకి ఎవరైనా వెల కడతారా,
కట్టలేదు నేనూ.
ఎండిన తొమ్మిది రోజులూ
ఊరంతా కుండలతో తిరిగిందని
ఈ సంచి చెప్పేదాకా.

"సేట్, నాలుగు వేలు పెంచాలి."
గొంతు వణికింది, దాచేదేముంది.
ఆయన ఫ్యాను వంక చూశాడు, పద్దుల పుస్తకం వంక చూశాడు,
సంచి వంక మాత్రం చూడలేదు.
"రెండు."
"మూడు. ఇంకా, నా స్టూలు గుమ్మం దగ్గరెయ్యాలి,
ఎండ పడేచోట."
మూడుకి ఒప్పుకోడానికి వారం పట్టింది.
స్టూలు ఆ సాయంత్రమే కదిలింది.

జీతం రోజు జబీనా అడిగింది,
"అవునే, నీకే రంగు ఇష్టం?"
పదకొండేళ్ళలో ఎవరూ అడగలేదు. నేను కూడా.
నిచ్చెన ఎక్కాను.
మొదటిసారి చెయ్యి గాల్లో ఆగింది.
ఈ ఒక్క కొంగూ ఎవరూ
పరిచి చూపలేదు నాకు.
వెతుక్కుంటున్నాను,
కింద జబీనా నిచ్చెన పట్టుకుంది,
ఇద్దరు గిరాకీలు నిలబడే ఉన్నారు.
ఉండనీ.