ఐదు సెకన్లు

మంగమారిపేట దాటాక
రోడ్డు సముద్రానికి భుజం ఆనించే చోట
నాలుగు బండ్లు అద్దెకిస్తాను.
లావుపాటి చక్రాలు, ఒక హ్యాండిలు,
పావుగంటకి మూడొందలు.

మూడు పాతవి, చెప్పినట్టు వింటాయి.
నాలుగోది కొత్తది.
నేను చెప్పాక ఆలోచిస్తుంది.

వెనక చక్రం పక్కకి జారబోతుంటే చాలు
పసుప్పచ్చ బొమ్మ మిణుకుమంటుంది:
చిన్న కారు, వెనక రెండు వంకర గీతలు,
తాగి నడిచినవాడి అడుగుల్లా.
అంతే, ఇంజను గొంతు నొక్కేస్తుంది.
నా బొటనవేలు నొక్కుతూనే ఉంటుంది, బండేమో
బడికెళ్ళనని నిలబడ్డ పిల్లాడు.

ఇసక రోడ్డు కాదే తల్లీ,
ఇక్కడ జారడమే నడవడం
అని ఎవరు చెప్తారు దానికి?
తడి ఇసక వేరు, పొడి ఇసక వేరు,
పీతలు బొరియలు తవ్విన ఇసక ఇంకా వేరు.
దానికి అన్నీ ప్రమాదమే.

మా చినాన్న ఎల్లాజీ తెప్ప మీద నిలబడేవాడు.
కెరటం అడ్డంగా వస్తే బిగుసుకోడు,
మోకాలు సడలిస్తాడు.
"ఒరగనియ్యాలిరా, ఒరగనియ్యకపోతే ఇరుగుతాది."
ఆయనకి ఏ దీపమూ వెలిగేది కాదు.
అరికాలే చెప్పేది.

బటన్ ఉంది, ఆపొచ్చు.
ఐదు సెకన్లు నొక్కి పట్టుకోవాలి.
ఒకటి చాలదా, మిగతా నాలుగూ ఎందుకని
గాజువాక షెడ్డులో దమయంతినడిగాను.
చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అంది:
"మనసు మార్చుకోడానికి."

ఆపినా, తాళం తిప్పితే మళ్ళీ మొదటికే.
నిన్నటి తిట్లన్నీ మరిచి
పొద్దున్నే పలకరించే పక్కింటాయనలా
వచ్చి కాపలా కూచుంటుంది.

ఫ్యూజు పీకెయ్యమన్నాను. పీకింది.
ఆకుపచ్చది, చింతగింజంత.
డబ్బులిస్తే వద్దంది.
"పెట్టినదానికే తీసుకుంటాను,
పీకినదానికి కాదు."

ఆ సాయంత్రం బండి నా చేతుల్లో
ఎలా ఆడిందో ఎవరికీ చెప్పలేదు.
వెనక ఇసక విసనకర్రలా విచ్చుకుంది.
తొట్లకొండ వెనక్కి ఎండ దిగేదాకా
నలభై నాలుగేళ్ళవాణ్ణి
ఎనిమిదులు గీస్తూనే ఉన్నాను.
కెరటం ఒక్కొక్కటే తుడుచుకుపోయింది.

మర్నాడు ఆదివారం.
ఒడిశా నంబరు కారులోంచి దిగిన పిల్ల,
పద్దెనిమిది నిండాయంది.
హెల్మెట్ బకిల్ నేనే పెట్టాను.
"అంకుల్, ఇది తిరగబడదు కదా?"
తిరగబడదమ్మా అనడానికి నోరు తెరిచాను.
జేబులో చింతగింజంత ఆకుపచ్చ
తొడకి గుచ్చుకుంది.

ఉండమ్మా, అన్నాను.
సీటు ఎత్తాను.

ఇప్పటికీ నా మాట అదే.
అది అతి చేస్తుంది, చాదస్తం,
ఇసక తొక్కనివాళ్ళు చేసిన బుర్ర.
ఎవరొచ్చినా వాదిస్తాను.
సోమవారం జనం ఉండరు,
సోమవారం ఫ్యూజు నా జేబులోనే.

చినాన్న అరికాలు
ఒక కార్తీకంలో ఆలస్యంగా చెప్పిన సంగతి మాత్రం
ఆ వాదనలో నేనెత్తను.