గోడకు నోరు

ఏటుకూరు రోడ్డు దాటాక మూడో సందు.
ముందు గదిలో తేజ మిర్చి టిక్కీలు,
వెనక గదిలో మనుషులు,
మధ్యలో తొమ్మిదంగుళాల గోడ.

గుమ్మంలో అడుగుపెట్టగానే నాకు మూడు తుమ్ములు.
"అలవాటైపోద్దిలే" అంది రాహేలమ్మ.
ఆమె తుమ్మలేదు.
ఉయ్యాల్లో పిల్లోడూ తుమ్మలేదు.

ఆమె అడిగింది చిన్న పనే.
సరుకు గదిలో ఫ్యానుకో పాయింటు,
పడకగదిలో ఏసీకో పాయింటు.
"ఒకే గాడి కొట్టు సైదా,
అటో బాక్సు, ఇటో బాక్సు, వీపుకి వీపు ఆనించి.
పైపు కలిసొస్తది, కూలీ కలిసొస్తది,
గోడ నున్నగా ఉంటది."

లెక్క తప్పు కాదు.
చాలా ఏళ్లు నేనూ అదే లెక్క వేశాను.

వేళ్లతో గోడను తట్టి చూశాను.
పాత ఇటుక. ఎక్కడ తట్టినా
నిండుగా ఉన్నానంటోంది.
అటు మూడంగుళాలు, ఇటు మూడంగుళాలు తవ్వితే
మిగిలే మూడింట్లో మళ్లీ వైరుకో బొక్క.
ఇక అది గోడేంటి,
గోడ వేషం కట్టిన పరదా.

"గోడకి చెవులుంటాయంటారుగా అమ్మా,
ఉండనీ.
నోరు మాత్రం పెట్టించొద్దు."
ఆమె నవ్వింది.

పదకొండేళ్ల కిందట, లాలాపేటలో,
బుడేసాబు పరుపుల కొట్టు.
కొట్టు వెనకే కాపురం.
నేను పెట్టిన బొక్క రెండు వేళ్ల లావు,
వైరు ఒక వేలంత.
మిగతా వేలంత సందుకి సిమెంటు పెడదామనుకున్నా.
శుక్రవారం, నమాజుకి టైమైంది.
పైన ప్లాస్టిక్ మూత బిగించాను.
మూత బిగించాక ఎవరికి కనపడుద్ది?

దూది రాత్రిపూట అంటుకుంది.
గోడ కాలలేదు,
పాపం, తన పని తాను చేస్తూ నిలబడే ఉంది.
ఆ వేలంత సందులోంచి
పొగ నడుచుకుంటూ వెళ్లింది,
చెప్పులు విడిచి,
నిద్రపోయేవాళ్లు లేవకుండా.

బుడేసాబు బతికాడు.
ఇప్పటికీ నన్ను పిలవబోతే
ముందు దగ్గొస్తది, తర్వాత నా పేరు.
షార్ట్ సర్క్యూటని రాసుకున్నారు.
ఆ కాయితంలో బొక్క గురించి గడి లేదు.

ఇదంతా రాహేలమ్మకి చెప్పలేదు.
గోడ తవ్వనన్నాను.
ఇనప బాక్సులు పైనే బిగిస్తానన్నాను,
ఎదురెదురు కాకుండా రెండు మూరల ఎడంగా.
మెయిను ముందు గదిలో ఉంది కాబట్టి
దాటే వైరు ఒక్కటి, అదీ ఇనప పైపులో,
చుట్టూ సందులో వేడికి ఉబ్బే పుట్టీ.
బెజవాడ నుంచి తెప్పించాలి, డబ్బా పన్నెండొందలు.

"బొక్క పూడ్చడానికి పన్నెండొందలా?"
"మిరపకాయలమ్మా ఇవి.
మంట దాకా అక్కర్లా, పొగ చాలు."
ఆమె ఉయ్యాల వైపు చూసింది.
తర్వాత బేరమాడి వెయ్యికి తెచ్చింది.
నా కూలీలోంచే తగ్గింది ఆ రెండొందలు.

"మరి బాక్సు బయటికి పొడుచుకొస్తే
చూసేవాళ్లేమంటారు?"
"పని రానోడు చేశాడంటారు. అననీ."
దాని మీద చర్చి క్యాలెండరు తగిలిస్తానంది.
కాయితం వద్దన్నాను.
విసుక్కుంది.

సాయంత్రానికి పుట్టీ కూరాను.
బొటనవేలితో నొక్కుతుంటే
ఎర్రగా, మెత్తగా, అన్నం ముద్దలా లోపలికెళ్లింది.
నా వేలిముద్ర దాని మీద ఉండిపోయింది.
ఎప్పుడైనా ఎవరైనా అడిగితే
ఇది నేను పూడ్చిందేనని అదే చెప్పాలి.

పడకగదిలో లైటు తీసేశాను.
"చినబాజీ, అటునుంచి టార్చి వెయ్యి,
పైపు చుట్టూ తిప్పు."
చీకట్లో గోడ ముందు కూర్చుని వెతికాను
సూది మొనంత వెలుగు కోసం.
లేదు.
ఇంకోసారి తిప్పమన్నాను.
లేదు.
అయినా లేవబుద్ధి కాలేదు.
పిల్లోడి ఊపిరి వినపడుతోంది.

అటువైపు నుంచి చినబాజీ ఏదో అడిగాడు,
అయిపోయిందా అనో, పోదామా అనో.
సరిగ్గా వినపడలేదు.