దొంగగాలి

"ఆలోచిస్తాదండి బండి" అంది సలోమి సిస్టరు.
"ఎక్కడ?"
"కేజీహెచ్ అప్ మీద. సరిగ్గా సగంలో.
ఎక్సలేటరు తొక్కితే ఒక్క క్షణం ఉలకదు పలకదు.
వెనకాల ఆంబులెన్సు అరుస్తుంటాది,
ఇదేమో వెళ్లనా మాననా అని..."

నైటు డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది కంచరపాలెం మెట్టకి.
డాష్‌బోర్డు మీద పసుపు దీపం.
గాజువాకలో ఒకరు సెన్సారు మార్చారట, నాలుగువేల ఎనిమిదొందలు.
నెల తిరక్కుండా ఎన్ఏడీ దగ్గర ఇంకొకరు ఇంకోటి.
బిల్లులు రెండూ వెలుతురుకి పట్టి చూపించింది
ఎక్స్‌రేలు చూపించినట్టు.

ఒకప్పుడైతే సైలెన్సరు వెనక గొంతుక్కూచుని
ఒక్క పీల్పుతో చెప్పేవాణ్ణి,
పెట్రోలు ఎక్కువైందో, గాలి ఎక్కువైందో.
కరోనా ఏడు జ్వరం తగ్గింది గానీ
పోయిన వాసన మరి రాలేదు.
ఇంట్లో కవళ్ల పులుసు అడుగంటినా
మా నీలవేణి అరిస్తేనే తెలుస్తాది నాకు.

"ఒరే గవరయ్యా, ఏటి వాసన?"
"పచ్చి పెట్రోలు బాబూ. కళ్లు మండిపోతన్నాయి."

ప్లగ్గులు విప్పితే మసి, కాటుకగిన్నెలా.
స్కానరు చూస్తే ఉల్టా చెప్తోంది:
గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ,
పొయ్యి, ఇంకా పొయ్యి.

పొగగొట్టం మెడలో ఉంటుంది ఆ సెన్సారు, బొటనవేలంత.
నిప్పులో కూచుని
పొగలో మిగిలిన గాలి లెక్క చెప్పడమే దాని కొలువు.
బాగుంటే దాని గీత ఆడుతుండాలి,
ఫిషింగ్ హార్బరులో కట్టేసిన పడవలా, పైకీ కిందికీ.
ఇక్కడ గీత అడుగున పడుకుంది.

చచ్చిందా?
గాలిగొట్టంలో కాస్త క్లీనరు కొట్టాను.
లేచింది గీత, చివరికంటా ఎగిరి మళ్లీ పడింది.
బతికే ఉంది. పాపం, నిజమే చెప్తోంది.

ఇంజను చల్లారేదాకా ఆగాం.
ఆవిడ బెంచీ మీదే నిద్రపోయింది, చెప్పులు విప్పి,
మెడలో ఆస్పత్రి కార్డుతో.
మళ్లీ స్టార్టు చేశాక గవరయ్య తడిగుడ్డతో సైలెన్సరు నోరు నొక్కాడు.
నేను కిందకి దూరి
సబ్బునీళ్లు రాసుకుంటూ పోయాను, అతుకు అతుకుకీ,
పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు.

మానిఫోల్డు కింద, సెన్సారుకి జానెడు ముందు,
తుప్పు పొర వెనక
బుడగ.
ఇంకో బుడగ.
గోటిగీతంత పగులు.

పొగ బయటికి పోవడం చిన్న సంగతి.
పొగ తోపుకీ తోపుకీ నడుమ
బయటిగాలి లోపలికి దూరుతోంది. దొంగగాలి.
అది తగిలి సెన్సారు గాలి ఎక్కువంటోంది,
విని కంప్యూటరు పెట్రోలు కుమ్మరిస్తోంది,
తాగింది అరక్క బండి అప్ మధ్యలో ఆయాసపడుతోంది.
ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేస్తున్నారు.

"రాత్రి బండి ఎక్కడ పెడతారమ్మా?"
"పెదజాలరిపేటలో, ఇంటి ముందే. పొద్దున్నకి అద్దాలన్నీ ఉప్పు."
ఈ ఊళ్లో ఇనుముకి వయసు తొందరగా వస్తాది.

వెల్డింగు నాలుగొందలు, గాస్కెట్టు రెండొందల యాభై.
సంచిలోంచి పాత సెన్సార్లు రెండు తీసింది. "ఇవి పారేయనా?"
"ఉంచండమ్మా. రెండూ మంచివే అయ్యుంటాయి."

అప్ ఎక్కాం ముగ్గురం. సగం వచ్చింది, దాటింది.
ఒళ్లో స్కానరు మీద గీత ఆడుతోంది.
"అబ్బా, ఏం కంపు" అని ఆవిడ అద్దం ఎత్తింది.
నేను తల ఊపాను.
వెనక సీట్లోంచి గవరయ్య ఊరుకోడు కదా,
"మా బాబుకి వాసన తెల్దండి" అన్నాడు.

ఆస్పత్రి గేటు దగ్గర మందుచీటీ రాసిచ్చింది.
మందు కాదు. లవంగం, నిమ్మతొక్క, యూకలిప్టసు నూనె.
రోజూ పూటపూటా పీల్చాలట,
పాత వాసన గుర్తు తెచ్చుకుంటూ.

మర్నాడు షట్టరు ఎత్తి, లైటు వెయ్యకముందే,
లవంగం ముక్కుకి ఆనించాను.
ఏమీ లేదు. గీత అడుగునే ఉంది.
గవరయ్య టీ తెచ్చేలోగా
మళ్లీ పీల్చాను.