బూటులో బంగాళాదుంప

మూడున్నరకే చీకటి పడింది దాల్విక్‌లో.
రేవులో పడవలు మంచు కప్పుకుని
కదలకుండా పడుకున్నాయి.

వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచాం.
మా అమ్మ పిండి వత్తుతోంది, అప్పడంకన్నా పల్చగా.
"కింద పేపరు పెడితే అక్షరాలు చదవగలగాలి,
లేకపోతే అది ఆకురొట్టె కాదు, చెప్పు అడుగు" అంటుంది.
పిల్లలకి కూడా ఆవిడ అమ్మే.
మా భాషలో అమ్మమ్మకి ఆ పేరే.

లోవాకి ఏడేళ్ళు.
చిన్న చాకుతో రొట్టె మీద గాట్లు పెట్టి
ఒక్కో గాటునీ వెనక్కి మడిచి
జడ అల్లినట్టు అల్లుతోంది, నాలుక పళ్ళ మధ్య బిగబట్టి.
జడ అనగానే గుర్తొచ్చిందేమో
పిండి చేత్తోనే మెడ వెనక తడుముకుంది.
అక్కడ ఇప్పుడు ఒకటే జడ.

రెండోది ఓర్రి కత్తిరించాడు, మొన్న.
నాలుగేళ్ళవాడు. కాగితం గొర్రెకి ఉన్ని కావాలట.
నిజం చెప్పొద్దూ, గొర్రె బాగానే వచ్చింది.
అట్టగొట్టం ఒళ్ళు, అగ్గిపుల్లల కాళ్ళు,
వీపు నిండా మా అమ్మాయి బంగారు జుట్టు.
నేను మాత్రం నవ్వలేదు.

పండక్కి పదమూడు రాత్రుల ముందు నుంచీ
కొండ దిగి వస్తారు ఆ అన్నదమ్ములు, రాత్రికొకడు.
ఒకడు గిన్నెలు నాకుతాడు, ఒకడు తలుపులు దభాలున వేస్తాడు.
పోతూ పోతూ కిటికీలో పెట్టిన బూటులో
మంచి పిల్లలకి ఏదో ఒకటి వదిలిపోతాడు.
తుంటరికి బంగాళాదుంప.

నిన్న పొద్దున లోవా బూటులో నారింజ.
ఓర్రి బూటులో దుంప. మట్టి కూడా కడగని దుంప.
(ఆ మట్టి ఇంకా నా గోళ్ళలో ఉంది.)
ఏడుస్తాడనుకున్నాను.
రెండు చేతుల్తో పొదివి పట్టుకుని
ఇల్లంతా తిప్పాడు దాన్ని.
పేరు కూడా పెట్టాడు. ఆ పేరు మాకెవరికీ చెప్పలేదు.

పొయ్యి దగ్గర మా తమ్ముడు హ్లినుర్.
మరిగే కొవ్వులో రొట్టె వేస్తే
బుస్సుమని పొంగి, బంగారం రంగుకి తిరిగి,
మూత కింద అణిగిపోయి చల్లారుతుంది.
నక్షత్రాలు, పువ్వులు, లోవా జడలు
దొంతరగా లేస్తున్నాయి.
ఓర్రి రొట్టె మధ్యలో ఒకటే పెద్ద చిల్లు.
"ఇదేంట్రా?"
"చిల్లు."
అదీ వేయించాం.

అప్పుడు వాడు మా అమ్మ ఏప్రను పట్టి లాగాడు.
"నా దుంప ఉడకబెట్టు."
ఉడికాక ఊదుకుంటూ వాడే తొక్క తీశాడు, తీసినంత.
వెన్న రాశాడు. ఉప్పు వేశాడు, మళ్ళీ వేశాడు.
తీసుకెళ్ళి బూటులో పెట్టాడు.
"ఎవరికిరా?"
"ఈ రాత్రి వచ్చేవాడికి.
పాపం, చలిలో దుంపలన్నీ వాళ్ళే మోస్తారు కదా,
వేడిది ఎప్పుడైనా తిన్నారో లేదో."

అర్ధరాత్రి కిటికీ దగ్గర నిలబడ్డాను.
వెన్న గడ్డకట్టింది. బూటు తాడు ఒకటి దుంపకి అంటుకుంది.
విడదీసి తిన్నాను.
నోరు మండేంత ఉప్పు.
నిలబడే మొత్తం తిన్నాను, మిగిలిన తొక్కతో సహా.
కొనిపెట్టిన చిన్న కారు పక్కన
మొన గుండ్రంగా ఉన్న ఎర్ర కత్తెర,
సగం అయిపోయిన ఉన్ని ఉండ పెట్టాను.

పొద్దున వాడు ముందు చూసింది కత్తెర కాదు, కారు కాదు,
అద్దం మీద జిడ్డు వేలిముద్రలు.
"తిన్నాడు! తిన్నాడు!"
వీధి వీధంతా లేచేలా అరిచాడు.

మా అమ్మ నా వేళ్ళ వంక ఒకసారి చూసింది.
ఏమీ అనలేదు.
బుట్టలోంచి ఇంకో దుంప తీసి
కడగడం మొదలుపెట్టింది.