శేషం ఆరు

వాషింగ్టన్ ఒలివెరా, వయసు అరవై మూడు.
మాంటెవిడియోలో ఆ పేరున్న ముసలాళ్లు
వీధికొకరు దొరుకుతారు, ఎవరూ నవ్వరు.

మూడో అంతస్తు క్లాసురూము.
సముద్రమంత నది మీంచి వచ్చే గాలికి
కిటికీ రెక్క రోజంతా కొట్టుకుంటూనే ఉంటుంది.
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్ర,
మొదటి బెంచీలో కూర్చుంటాడు.
చెవి సరిగా వినపడదు మరి.

ఈ యూనివర్సిటీలో చేరడానికి పరీక్ష లేదు, ఫీజు లేదు.
వచ్చే తలుపు బార్లా తీసే ఉంటుంది.
వెళ్లే తలుపే ఇరుకు.

ముప్పై ఒక్క ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టాడు.
ఒకరోజు క్లాసయ్యాక
నా బల్ల మీద బిస్కెట్ల డబ్బా బోర్లించాడు:
అన్నీ పాత టికెట్లే.
ఎటునుంచి చదివినా ఒకటే అయ్యే నంబర్లు,
కునుకు అన్న మాటలాగా.
అదృష్టమని జనం దాచుకునేవారట.
చూసుకోకుండా సీట్లో వదిలేసి దిగినవి
ఈయన ఏరుకున్నాడు.

"నాలుగంకెలవి ఏది తీసినా
పదకొండుతో నిశ్శేషంగా పోతుంది.
ఎందుకు, పంతులమ్మా?"

నాకు ఇరవై ఆరు.
థీసిస్ రెండో అధ్యాయంలో ఏడాదిగా ఇరుక్కుని ఉన్నాను.
సుద్దముక్క తీసి రెండు వరుసల్లో తేల్చేశాను.
వెయ్యిన్నొకటిలోనూ నూటపదిలోనూ పదకొండు ఉంది. అంతే.

"అంతేనా" అన్నాడు,
కునుకు తీస్తూనే చివరి స్టాపుకి వచ్చేసినవాడిలా.

కాసేపాగి చొక్కా జేబులోంచి
రబ్బరు బ్యాండు చుట్టిన ఇంకో కట్ట తీశాడు.
ఐదంకెలవి.
ప్రతిదాని వెనకా పెన్సిల్‌తో భాగహారం,
మూలన శేషం.
"ఇవి మాట వినవు."

నేను మళ్లీ బోర్డెక్కాను. సూత్రం రాశాను.
నలభై ఏడు వేల నూట డెబ్బై నాలుగు,
ఈ సూత్రం ప్రకారం శేషం ఒకటి.

"ఆరు" అన్నాడాయన.
"ఒకటండీ."
"ఆరు. ఆ రోజు వాన, సీట్లన్నీ తడి,
డిపో చేరేలోపు రెండుసార్లు చేసి చూశాను."

నేను ప్లస్ వేసిన చోట మైనస్ ఉండాలి.

వాచ్‌మన్ వచ్చి లైట్లార్పేదాకా
మేమిద్దరం ఆ కట్టంతా మళ్లీ భాగించాం.
మాతే చల్లారిపోయింది, అయినా తాగాం.

డిసెంబరు పరీక్షలో ఆయన తప్పాడు.
ఆయన పేపరు దిద్దింది నేనే.
ఫిబ్రవరికి మళ్లీ పేరు రాయించుకున్నాడు,
ఫారంలో వృత్తి అన్నచోట
కండక్టర్ అని రాసి, కొట్టేసి, విద్యార్థి అని రాశాడు.

నా రెండో అధ్యాయం ఇంకా అక్కడే ఉంది.
నిన్న రాత్రి అందులో
ఒక్కో గుర్తు మీదా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లాను,
టికెట్లు తనిఖీ చేస్తున్నట్టు.