విచారణ

ఉత్తరం ఒడియాలో వచ్చింది.
గుణుపురం బళ్ళో ఏడు దాకా చదివినదాన్నని
నన్నే చదవమన్నారు,
పూజ లేని ఆదివారం, పీఠం ముందు నిలబెట్టి.

గురువులు చాలటం లేదట.
మూడు విచారణలూ కలిపి ఇక ఒకటేనట.
మన గుడికి నెలకొక పూజ,
రెండో శనివారం, ఏరు పొంగకపోతే.

ఏరు పొంగకపోతే అని ఉత్తరంలో లేదు.
అది నేను కలిపేను.

విచారణంటే కోర్టు వాయిదా అనుకుంటారు
బజార్లో కొత్తవాళ్ళు.
మాకది ఒక మనిషి.
తెల్లంగీ అంచుకి గట్టు మీది బురద అంటించుకుని
ఎవరింట్లో జ్వరం, ఎవరింట పొయ్యి రాజలేదు అని
గుమ్మంలో ఆగి అడిగి పోయే మనిషి.
ఆ అడగటమే విచారణ.
ఇరవై కిలోమీటర్ల అవతల్నుంచి
ఎలా అడుగుతారు?

సవర గూడెం నుంచి దిగొచ్చిన సుమంతో గొమాంగో
తువ్వాలుతో మెడ తుడుచుకుని అన్నాడు:
"మాకు మొదట్నుంచీ నెలకోసారే గదా.
మీరూ ఇప్పుడు కొండెక్కేరు, అంతే."
ఒక్క అంతోనమ్మ నవ్వింది.
తర్వాత ఆవిడా మానేసింది.

ఫాదర్ ఇగ్నాస్ రయితో బండి మీద వచ్చేరు.
ముప్పయ్యొక్కేళ్ళు. కళ్ళ కింద మసి రాసినట్టు నలుపు.
పదకొండు ఊళ్ళట.
మందసం తెరిచి, మిగిలిన నాలుగు అప్పాలూ తానే లోకొని
పాత్ర కడిగి ఆ నీళ్ళు తాగేరు.
తలుపు మూయలేదు, ఖాళీ అని తెలియాలని.
దీపం మాత్రం ఊదలేకపోయేరు.
నూనె అయ్యేదాకా అందరం నిలబడ్డాం.
మధ్యాహ్నానికి కొండెక్కింది.

రిజిస్టర్లు యూరియా సంచీలో చుట్టి బండికి కట్టుకున్నారు.
జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, సమాధులు.
లెక్క చూస్తే ఒకటి తక్కువ.
"చెదలు తినేసేయి ఫాదర్" అన్నాను.

అది నా బియ్యం డబ్బాలో ఉంది.
అందులో మా మామ, బస్తియాను ఉపదేశి చేతిరాత.
ఆ ఏడు వంశధార మూడ్రోజులు దారివ్వలేదు.
గురువు అవతలొడ్డున, నా పిల్ల ఇవతలొడ్డున.
మామే చెంబు తెచ్చి నెత్తిన నీళ్ళు పోసేడు.
పేరు సిలువమ్మ. పుట్టినది బుధవారం.
పక్క గడిలో అదే సిరాతో శుక్రవారం.
గురువు సంతకం చోట ఏమీ లేదు.
దానికి ఈ లోకంలో ఉన్న కాగితం అదొక్కటే.

తపఃకాలంలో కొత్త విచారణకి వెళ్ళేను,
ఆటోలో సగం, నడిచి సగం.
మా అంతోనివారిని వాళ్ళ సవేరివారి పక్కన పెట్టేరు,
కొంచెం గోడ వైపు తిప్పి.
జాతర దారి కోసం ఒకప్పుడు మాతో కొట్టుకున్న ఊరిది.
వాళ్ళావిడెవరో జరిగి బల్ల మీద చోటిచ్చింది,
మొహం చూడకుండా.

పాపసంకీర్తనానికి వరస.
నా వెనక పద్నాలుగు మంది.
మోకాళ్ళూని జాలీకి నోరు దగ్గర పెట్టి చెప్పేను:
"ఒక పుస్తకం దాచేను ఫాదర్.
అబద్ధం ఆడేను."

జవాబు లేదు.

తొంగి చూస్తే గడ్డం ఛాతీ మీద వాలి ఉంది.
చేతిలో బండి తాళం.
చంటిపిల్లలు తీసినట్టు ఊపిరి తీస్తున్నారు.

మళ్ళీ చెప్పలేదు.
వెనక ఎవరో దగ్గితే
చెయ్యి వెనక్కి పెట్టి ఆగమన్నాను.
ఈగ ఒకటి ఆయన కనుబొమ మీద వాలబోతే
జాలీ మీద కొంగు విసిరేను.
పాపం, అన్నాను.
పైకే అన్నట్టున్నాను.

ఉలిక్కిపడి లేచేరు. దేనికో తెలీకుండానే
కుడి చెయ్యి గాల్లోకి లేచింది,
క్షమించడానికి.

"ఫాదర్, అన్నం తిన్నారా?"
అని అడిగేను.

చెయ్యలాగే ఉంది.
ఆయన లెక్క పెట్టుకుంటున్నారు,
ఏ ఊళ్ళో, ఎప్పుడు అని.